సొంత స్పీకర్ సెట్టు కట్టుకునేవారికి బ్యాటరీ లెక్క

సంపాదకులు గారికి నమస్కారాలు.

వినాయక చవితితో మొదలై ధనుర్మాస భజనలు, క్రిస్మస్ పాటల బృందాలు, సంక్రాంతి ముగ్గుల పోటీలు పూర్తయ్యేదాకా మన నెల్లూరు జిల్లాలో చేత మోసుకుపోయే స్పీకర్లతో ఊరూరా పని పడుతుంది. వెనుకటి రోజుల్లో దీనికి మైకుసెట్టు వాళ్లకు బయానా ఇచ్చి పిలిపించేవారు. ఇప్పుడు ఐటీఐ, పాలిటెక్నిక్ చదివే పిల్లలే ప్లైవుడ్డు కోయించి పెట్టె కొట్టించుకొని, ట్రంకు రోడ్డు అంగళ్లలోనో ఆన్‌లైన్‌లోనో యాంప్లిఫయర్ (శబ్దాన్ని పెంచే) బోర్డు కొని, చేతికి దొరికిన బ్యాటరీ తగిలించి సొంతంగా సెట్టు కట్టుకుంటున్నారు. ఉప్పు, చేపలు, కూరగాయలు బండి మీద తిప్పి అమ్మేవారు కూడా గొంతు పోకుండా ఇలాంటి చిన్న సెట్లనే నమ్ముకున్నారు. రేడియో, టేప్‌రికార్డరు మరమ్మతులతో మొదలుపెట్టి నేటికీ ఇదే పనిలో ఉన్న మెకానిక్కుగా నాకిది సంతోషం కలిగించే విషయమే. అయితే బ్యాటరీని, యాంప్లిఫయర్‌ను ఎంచుకోవడంలో ఎక్కువమంది తలకిందుల వరుసలో వెళ్తున్నారనీ, దానివల్ల డబ్బు వృథా కావడమే గాక ఇంట్లో నిప్పు అంటుకునే ప్రమాదం కూడా ఉందనీ చెప్పడానికి ఈ లేఖ రాస్తున్నాను.

అంగడికి వచ్చిన పిల్లవాడు మొదట అడిగే మాట "అన్నా, ఎన్ని వాట్ల బోర్డు వేయమంటారు?" అని. అసలు మొదట తేల్చుకోవలసింది ఏ స్పీకరు, అది ఎన్ని ఓమ్‌లు (కరెంటుకు ఎంత అడ్డుపడుతుందో చెప్పే కొలత), ఎంతమందికి వినపడాలి, ఎన్ని గంటలు మోగాలి అన్నది. వీటిని బట్టి బ్యాటరీ వోల్టేజీ, ఆ వోల్టేజీని బట్టి బోర్డు ఎంచుకోవాలి. బోర్డు మీద అచ్చు వేసిన వాట్లు చాలామటుకు దాని మీదున్న ఐసీ (చిప్పు) తట్టుకోగల పెద్ద వోల్టేజీ దగ్గర, సౌండు బాగా పగిలే స్థితిలో కొలిచినవి. మన దగ్గరున్న 12 వోల్టుల బ్యాటరీకి ఆ అంకెతో సంబంధం లేదు.

లెక్క పెద్ద కష్టమేమీ కాదు. ఇప్పుడు వస్తున్న క్లాస్-డి (అతి వేగంగా ఆన్, ఆఫ్ అవుతూ పనిచేసే) బోర్డుల్లో స్పీకరు రెండు తీగలనూ ఐసీయే రెండు వైపుల నుంచి తోస్తుంది. దీన్నే బ్రిడ్జి పద్ధతి అంటాం. అందులో సౌండు పగలకుండా రాగల గరిష్ఠ శక్తి తెలియాలంటే, వోల్టేజీని అదే వోల్టేజీతో గుణించి, వచ్చినదాన్ని స్పీకరు ఓమ్‌లకు రెట్టింపుతో భాగిస్తే సరిపోతుంది. 12 వోల్టులు, 4 ఓమ్‌ల స్పీకరు అయితే 144ను 8తో భాగించగా 18 వాట్లు. లోపలి నష్టాలు పోను సుమారు 15 వాట్లు మిగులుతాయి. అదే 8 ఓమ్‌ల స్పీకరైతే 9 వాట్లకు మించదు. బాగా అమ్ముడుపోయే టీపీఏ 3116 ఐసీనే తీసుకోండి. దాని మీద 50 + 50 వాట్లు అని ఉండడం అబద్ధం కాదు. 21 వోల్టులు, 4 ఓమ్‌లు, పది శాతం వక్రీకరణ (సౌండు పగలడం) దగ్గర తయారీదారు ఇచ్చిన అంకె అది. 12 వోల్టులకు తగిలిస్తే ఆ బోర్డు కూడా ఒక్కో వైపు 15 వాట్లే ఇస్తుంది. అంటే 12 వోల్టుల బ్యాటరీ మీద 50 వాట్ల బోర్డు, 100 వాట్ల బోర్డు, 15 వాట్ల బోర్డు దాదాపు ఒకే తీరుగా మోగుతాయి. పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ శక్తి) అని వేల వాట్లు రాసిన పెట్టెల సంగతి చెప్పనక్కరలేదు, ఆ అంకెను ఏ మీటరూ చూపించదు.

పాత ఐసీల మీద మమకారం ఉన్నవారు మన దగ్గర ఇంకా చాలామందే ఉన్నారు. 4440 బోర్డు చేతికి రాని మెకానిక్కు మన దేశంలో ఉండడు; బ్రిడ్జి కనెక్షన్‌లో 13.2 వోల్టుల దగ్గర 4 ఓమ్‌లకు 19 వాట్లు ఇస్తుందని దాని కాగితంలోనే ఉంది, ఆ మాట నిలబెట్టుకుంటుంది కూడా. టీడీఏ 2030ను మాత్రం ఒంటి 12 వోల్టుల సప్లై మీద వాడితే మూడు నాలుగు వాట్లు దాటవు. ఎందుకంటే అది స్పీకరును ఒక వైపు నుంచే తోస్తుంది, భాగించేటప్పుడు ఓమ్‌లకు రెట్టింపు కాక ఎనిమిది రెట్లు వేసుకోవాలి. ఇంట్లో కరెంటు మీద నడిచే సెట్టుకు ఈ ఐసీలు ఏ మాత్రం తీసిపోవు. బ్యాటరీ సెట్టుకు పనికిరాకపోవడానికి కారణం వేరు. పాట ఎప్పుడూ పూర్తి శక్తితో మోగదు. పైకి లేచిన తాళపు దెబ్బ ఒక్క క్షణం ఉంటుంది, సగటున గరిష్ఠ శక్తిలో ఎనిమిదో వంతు ఖర్చవుతుంది. ఆ స్థితిలో పాతరకం క్లాస్-ఏబీ యాంప్లిఫయర్ బ్యాటరీ నుంచి లాగినదానిలో పాతిక ముప్పై శాతమే స్పీకరుకు ఇచ్చి, మిగతాదంతా హీట్‌సింక్ మీద వేడిగా పారబోస్తుంది. క్లాస్-డి అయితే అదే చోట 70 శాతానికి తగ్గదు. బ్యాటరీ మీద నడిచేదానికి క్లాస్-డి తప్ప వేరే ఆలోచన అనవసరమని నా అభిప్రాయం. ఒక్క ఇబ్బంది ఉంది: మీడియం వేవ్ రేడియో పక్కన పెడితే జోరీగలా రొద చేస్తుంది. ఆకాశవాణి వినే పెద్దలు ఇంట్లో ఉంటే ఆ సెట్టు వేరే గదిలో పెట్టుకోవాలి.

పిల్లలు అందరికంటే తక్కువ పట్టించుకునేది స్పీకరు సెన్సిటివిటీని. ఒక వాటు ఇచ్చి ఒక మీటరు దూరంలో కొలిస్తే ఎన్ని డెసిబెళ్లు వస్తుందో మంచి కంపెనీలు స్పీకరు కాగితంలో ఇస్తాయి. చిన్న బ్లూటూత్ డబ్బాల్లో వేసే మూడంగుళాల స్పీకర్లు 84 డెసిబెళ్ల దగ్గర ఉంటాయి. మైకుసెట్లలో వాడే పదంగుళాలవి 95 దాకా ఇస్తాయి. తేడా పదకొండు డెసిబెళ్లే కదా అనిపిస్తుంది. శక్తి పదింతలైతే గాని పది డెసిబెళ్లు పెరగవు గనుక, 95 డెసిబెళ్ల స్పీకరుకు 10 వాట్లు ఇస్తే వచ్చే శబ్దాన్ని 84 డెసిబెళ్ల స్పీకరు నుంచి రాబట్టడానికి 100 వాట్లు ఇచ్చినా చాలదు. అసలు ఆ చిన్న స్పీకరు కాయిల్ అంతదాకా బతకదు. ఆరుబయట దూరం రెట్టింపైనప్పుడల్లా ఆరు డెసిబెళ్లు తగ్గుతాయి. 95 డెసిబెళ్ల స్పీకరుకు 10 వాట్లు ఇచ్చి మీటరు దూరంలో 105 తెచ్చుకుంటే, పదహారు మీటర్ల దూరంలో 81 మిగులుతుంది. భజన గుంపుకు, బడి ప్రార్థనకు, గ్రామసభకు ఇంతకుమించి ఏం కావాలి? కాబట్టి చేతిలో ఉన్న డబ్బులో పెద్ద భాగం స్పీకరు మీద పెట్టండి. అప్పుడు బ్యాటరీ, బోర్డు రెండూ చిన్నవి సరిపోతాయి, మోసే భుజానికీ బరువు తగ్గుతుంది.

12 వోల్టులు చాలవని 24 వోల్టులకు వెళ్లాలనుకునేవారు ఒక చోట జాగ్రత్తగా ఉండాలి. టీపీఏ 3116కు వాడదగిన గరిష్ఠ వోల్టేజీ 26. రెండు 12 వోల్టుల లెడ్ బ్యాటరీలు వరుసగా కలిపితే తీరికగా ఉన్నప్పుడు 25, 26 చూపిస్తాయి గాని, ఛార్జింగ్‌లో పెట్టి పాట వేస్తే 27 నుంచి 29 దాకా పోతాయి. లిథియం అయాన్ సెల్లులు ఏడు వరుసగా వేస్తే నిండు ఛార్జిలో 29.4, లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్లులు ఎనిమిది వేస్తే 29.2. రెండూ ఆ 26ను దాటి, ఐసీ పాడయ్యే 30 వోల్టుల అంచున నిలబెట్టేవే. మొదటి రకంలో ఆరు సెల్లులైతే 25.2, రెండో రకంలో ఏడు సెల్లులైతే సుమారు 25.5 అవుతుంది గనుక అక్కడ ఆగాలి. 12 వోల్టుల బ్యాటరీకి వోల్టేజీ పెంచే బూస్ట్ బోర్డు తగిలించి 24 చేసుకోవడం ఇంకొక దారి. అది పనిచేస్తుంది, కానీ వోల్టేజీ రెట్టింపైతే బ్యాటరీ నుంచి లాగే కరెంటు నాలుగు రెట్లకు పైగా పెరుగుతుంది, మధ్యలో పదో వంతు వేడిగా పోతుంది. ఇంత చేసి వచ్చేది ఆరు డెసిబెళ్ల లాభం. దానికి బదులు సెన్సిటివిటీ ఎక్కువ ఉన్న స్పీకరు కొనడమే మేలని ఇంతకుముందే చెప్పాను.

ఇక బ్యాటరీలు. మన ఊళ్లలో ముఖ్యంగా మూడు రకాలు తిరుగుతున్నాయి: యూపీఎస్‌లలో వచ్చే, అందరూ డ్రై బ్యాటరీ అని పిలిచే సీల్డ్ లెడ్ బ్యాటరీ, ల్యాప్‌టాప్‌లలో, పవర్‌బ్యాంకుల్లో ఉండే 18650 లిథియం అయాన్ సెల్లు, సోలారు వీధి దీపాల పుణ్యమా అని విరివిగా దొరుకుతున్న లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్లు.

12 వోల్టులు, 7 ఏహెచ్ (ఆంపియర్-అవర్లు) లెడ్ బ్యాటరీ ఏ పట్నంలోనైనా దొరుకుతుంది, ధర తక్కువ, ఛార్జర్ సులువు, తప్పు చేసినా తొందరగా మంట రాదు. దాని 7 ఏహెచ్ అన్నది ఇరవై గంటలపాటు నెమ్మదిగా తీసినప్పుడు కొలిచిన అంకె. రెండు మూడు గంటల్లో తీస్తే అంత రాదు. పైగా సగానికి మించి వాడేకొద్దీ దాని ఆయుష్షు వేగంగా తరుగుతుంది. అంటే పేరుకు 84 వాట్-అవర్లు (12ను 7తో గుణిస్తే) ఉన్నా, మనం లెక్కలోకి తీసుకోవలసింది 42. బరువు రెండు కిలోల పైచిలుకు. అన్నిటికంటే దాన్ని చంపేది ఖాళీగా వదిలేయడం. పండుగ కాగానే పూర్తిగా దిగిపోయిన బ్యాటరీని అటక మీద పెట్టి, వచ్చే ఏడు చవితికి దించితే లోపలి పలకల మీద సల్ఫేటు గట్టిపడి ఉంటుంది, అది మళ్లీ ఛార్జి ఎక్కదు. వేడికి కూడా దీనికి పడదు. ఎనిమిది పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుందని ఈ రంగంలో అందరూ ఒప్పుకునే లెక్క. మన రోహిణి కార్తెలో రేకుల గదిలో ఉంచిన బ్యాటరీ గతి దీన్నిబట్టే ఊహించుకోవచ్చు. ఒకచోట స్థిరంగా ఉండి, రోజూ ఛార్జి అయ్యే బడి సెట్టుకు, గుడి సెట్టుకు ఇప్పటికీ లెడ్ బ్యాటరీనే సిఫారసు చేస్తాను. మోసుకు తిరిగేదానికి చేయను.

18650 సెల్లు 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది, బరువు 45 గ్రాముల పైన. ఇది 3.6 లేదా 3.7 వోల్టులది, నిండితే 4.2. మూడు వరుసగా వేస్తే 12 వోల్టుల బోర్డుకు సరిపోతాయి. తక్కువ బరువులో ఎక్కువ శక్తి కావాలంటే దీన్ని మించింది లేదు. చిక్కంతా అది ఎక్కడి నుంచి వచ్చిందన్న దగ్గరే ఉంది. మంచి కంపెనీలు చేసే 18650లలో పెద్దవి 3500 ఎంఏహెచ్ (అంటే 3.5 ఏహెచ్) దగ్గర ఉంటాయి. 9900 అని తొడుగు మీద రాసి అమ్మేవాటిలో లోపల ఏముందో దేవుడికే తెలియాలి. అనుమానం ఉంటే చిన్నబజారులో బంగారం తూచే త్రాసు మీద పెట్టించండి, 30 గ్రాములు చూపిస్తే పక్కన పడేయవచ్చు. కొత్త సెల్లులకు, ప్యాకులకు ఐఎస్ 16046 ప్రమాణం కింద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆ గుర్తు, ఆ నంబరు లేనిదాన్ని ఎంత చౌకైనా కొనకూడదు.

పాత ల్యాప్‌టాప్ సెల్లులతో కట్టిన ఒక సెట్టు పొదలకూరు వైపు నుంచి మరమ్మతుకు వచ్చింది. అది తెచ్చిన పిల్లవాడి ఫిర్యాదు: పాట సన్నగా పెడితే బాగానే ఉంటుంది, డప్పు దెబ్బ పడినప్పుడల్లా లైటు మసకబారి, పాట ఆగి, "బ్లూటూత్ మోడ్" అని ఆడగొంతు పలుకుతుంది. వెనక పలక విప్పి చూస్తే సెల్లుల మీద నేరుగా సోల్డరింగ్ పెట్టారు. ఎక్కువసేపు కాల్చినందుకు ఒక సెల్లు చివరన ప్లాస్టిక్ తొడుగు ముడుచుకుపోయి, కింది ఇనుప డొక్కు (అదే సెల్లు మైనస్) కనిపిస్తోంది. దాని పక్కగా పాజిటివ్ తీగ రాసుకుంటూ పోతోంది. ఫ్యూజు లేదు. తీగ చూస్తే ఫోను ఛార్జరు తీగంత సన్నం. మూడు సెల్లుల వోల్టేజీ విడివిడిగా కొలిస్తే రెండు సరిగ్గా ఉన్నాయి, మూడోది 2.4కు పడిపోయి ఉంది. చెరువు నిండా నీళ్లున్నా తూము పూడిపోతే చేను తడవనట్టే, మిగతా సెల్లుల్లో ఛార్జి ఉన్నా ఒకదాని లోపలి నిరోధం పెరిగితే దెబ్బ పడిన క్షణంలో కావలసిన కరెంటు రాదు. వోల్టేజీ ఒక్కసారిగా జారి బ్లూటూత్ బోర్డు ఆగి మళ్లీ మొదలవుతుంది. పిల్లవాడు యాంప్లిఫయర్ పోయిందనుకున్నాడు, దుకాణంలో ఎవరో ఇంకా పెద్ద బోర్డు వేయమన్నారట. ఆ సలహా విని ఉంటే కరెంటు మరింత లాగి, ఆ సెల్లు ఏ అర్ధరాత్రో ఛార్జింగ్‌లో ఉండగా ఉబ్బి అంటుకునేది.

మూడో రకం లిథియం ఐరన్ ఫాస్ఫేట్. అమెరికాలో టెక్సాస్ విశ్వవిద్యాలయంలో జాన్ గుడెనఫ్ బృందం 1990ల నడుమ ఈ పదార్థాన్ని బ్యాటరీకి పనికివచ్చేదిగా గుర్తించింది. లిథియం బ్యాటరీల మీద చేసిన కృషికి ఆయనకు విటింగ్‌హామ్, యోషినో అనేవారితో కలిపి 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటికి ఆయన వయసు 97 ఏళ్లు. ఈ సెల్లు 3.2 వోల్టులది, నిండితే 3.65. నాలుగు వరుసగా వేస్తే 12.8 వోల్టులు, నిండు ఛార్జిలో 14.6; అంటే 12 వోల్టుల బోర్డుకు అతికినట్టు సరిపోతుంది. 32700 అనే లావుపాటి సెల్లు 6 ఏహెచ్‌ది దొరుకుతుంది. నాలుగింటికి 76.8 వాట్-అవర్లు, దానిలో పదింట తొమ్మిది వంతులు భయం లేకుండా వాడుకోవచ్చు గనుక చేతికి వచ్చేది సుమారు 69. నాలుగు సెల్లుల బరువు కిలోకు బాగా లోపే. వెయ్యికి పైగా సార్లు ఛార్జి చేసి వాడుకోవచ్చు. అన్నిటికంటే ముఖ్యంగా, తప్పు జరిగినప్పుడు ఇది లిథియం అయాన్ అంత సులువుగా భగ్గుమనదు. పిల్లల చేతుల్లో తిరిగే సెట్టుకు, ఎండలో బండి మీద కూర్చునే సెట్టుకు, జనం మధ్యలో మోగే సెట్టుకు నా దృష్టిలో ఇదొక్కటే తగినది. లెడ్ బ్యాటరీ కంటే మొదట ఖర్చు ఎక్కువే. రెండు మూడేళ్లు వాడే ఉద్దేశం ఉంటే ఆ తేడా మిగలదు.

దీనికీ ఒక మెలిక ఉంది. లెడ్ బ్యాటరీ దిగేకొద్దీ వోల్టేజీ మెల్లగా తగ్గుతుంది, వినేవాడికి ముందే తెలిసిపోతుంది. ఐరన్ ఫాస్ఫేట్ సెల్లు మొదటి నుంచి దాదాపు చివరిదాకా ఒకే వోల్టేజీ మీద నిలబడి, ఆఖరున ఉన్నట్టుండి పడిపోతుంది. మూడు చుక్కల లైట్లు వెలిగే చిన్న ఇండికేటర్లు దీనికి పనికిరావు. సగం అయిపోయినా నిండుగానే చూపిస్తాయి. హరికథ మధ్యలో ఆగిపోకుండా ఉండాలంటే గంటల లెక్క రాసుకోవడం ఒక్కటే దారి. ఆ గంటల లెక్క ఎలాగంటే: రెండు వైపులా 15 వాట్ల బోర్డు, పాట సౌండు పగలకుండా గట్టిగా పెట్టినప్పుడు, సగటున స్పీకర్లకు నాలుగు వాట్లు, బ్యాటరీ నుంచి ఐదారు వాట్లు లాగుతుంది. 69ని 6తో భాగిస్తే పదకొండు గంటలు. బ్లూటూత్ బోర్డు, లైట్లు పోను తొమ్మిది పది అనుకోండి. ఎడతెగని బేస్ ఉన్న రీమిక్స్ పాటలైతే అందులో సగమే. అదే లెడ్ బ్యాటరీ 42 మీద పాత 4440 వేస్తే రెండు మూడు గంటలకే చేతులెత్తేస్తుంది.

లిథియం ఏ రకమైనా బీఎంఎస్ అనే రక్షణ బోర్డు లేకుండా వాడకూడదు. లిథియం అయాన్‌కు చేసిన బీఎంఎస్ సెల్లును 4.2 దాటి వెళ్లాక ఆపుతుంది, ఐరన్ ఫాస్ఫేట్‌ది 3.65 దాటాక ఆపుతుంది. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, ఒకదానికి బదులు ఇంకొకటి వేస్తే రక్షణ లేనట్టే. వరుసలోని సెల్లులన్నీ ఒకే కంపెనీవి, ఒకే రకానివి, ఒకే వయసువి కావాలి. కలిపే ముందు ఒక్కొక్కదాన్నీ నిండా ఛార్జి చేసుకోవాలి. సెల్లు మీద నేరుగా సోల్డరింగ్ పెట్టక, నికెల్ పట్టీతో స్పాట్ వెల్డింగ్ చేయించాలి, లేదా మర మేకు బిగించే రకం సెల్లులు తీసుకోవాలి. సముద్రపు గాలి తగిలే మైపాడు, కోడూరు, కృష్ణపట్నం ప్రాంతాల్లో స్ప్రింగు హోల్డర్లు త్వరగా చిలుము పడతాయి. అక్కడ వెల్డింగే శరణ్యం.

ఛార్జర్ విషయంలో మన ఇళ్లలో ఒక దురలవాటు ఉంది. పిన్ను దూరితే చాలు, ఏ పాత ఎలిమినేటర్ అయినా తగిలిస్తారు. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాత 12 వోల్టుల ఎలిమినేటర్ లోడు లేనప్పుడు 16, 17 వోల్టులు ఇస్తుంది. బీఎంఎస్ ఉంది కదా, అదే ఆపుతుందిలే అనేవారున్నారు. బీఎంఎస్ ఛార్జర్ పని చేయడానికి కాదు, ఛార్జర్ తప్పినప్పుడు చివరగా అడ్డుపడడానికి ఉన్నది. మూడు లిథియం అయాన్ సెల్లులకు 12.6, నాలుగు ఐరన్ ఫాస్ఫేట్ సెల్లులకు 14.6 వోల్టుల లిథియం ఛార్జర్లు విడిగా దొరుకుతాయి, అవే కొనాలి. లెడ్ బ్యాటరీకి రోజూ వాడేటప్పుడు 14.4 దగ్గర, ఎప్పుడూ తగిలించి ఉంచేటప్పుడు 13.6 దగ్గర ఉండే ఛార్జర్ చూసుకోవాలి. ఎండలో నిలబడి కాగిన సెట్టును వెంటనే ఛార్జింగ్‌లో పెట్టకూడదు; లిథియం సెల్లును 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జి చేయవద్దని తయారీదారులందరూ చెప్తారు, మన మే నెలలో కారు డిక్కీ ఆ హద్దును ఎప్పుడో దాటి ఉంటుంది. నీడకు తెచ్చి, చేతికి చల్లగా తగిలాక, మంచం కిందా పరుపుల పక్కనా కాక గచ్చు మీద పెట్టి, మెలకువగా ఉన్నప్పుడే ఛార్జి చేయడం మంచిది.

బ్యాటరీ పాజిటివ్ పక్కనే ఒక ఫ్యూజు. 12 వోల్టుల సెట్టుకు 5 ఆంపియర్లు చాలు. తీగ ఇంటి వైరింగ్‌లో వాడే 1.5 చదరపు మిల్లీమీటర్లది అయితే దిగులు ఉండదు. బోర్డు దగ్గర 2200 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి వేస్తే డప్పు దెబ్బలకు కొంత ఊతం దొరుకుతుంది, కానీ చచ్చిన సెల్లును అది బతికించదు. బ్లూటూత్ బోర్డుకు అదే బ్యాటరీ నుంచి కరెంటు ఇచ్చినప్పుడు వచ్చే కీచుమన్న రొదకు, బీ0505ఎస్ లాంటి, గ్రౌండును విడదీసే చిన్న 5 వోల్టుల మాడ్యూల్ వేస్తే ఆగిపోతుంది. 4440 స్టీరియో బోర్డుల అలవాటు ఉన్న చేతులు రెండు స్పీకర్ల మైనస్‌లను కలిపి గ్రౌండుకు వేసేస్తాయి. బ్రిడ్జి బోర్డులో ఏ స్పీకరు తీగా గ్రౌండుకు తగలకూడదు, రెండు మైనస్‌లు కలవకూడదు. కలిస్తే ఐసీ పోతుంది. నా దగ్గరికి వచ్చే కాలిపోయిన బోర్డుల్లో ఎక్కువవాటి కథ ఇదే.

శబ్దం గురించి కూడా ఒక మాట. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 గంటల దాకా ఆరుబయట లౌడ్‌స్పీకరు వాడరాదు; మిగతా వేళల్లో కూడా అనుమతి కావాలి; నివాస ప్రాంతాల్లో పగటి పరిమితి 55 డెసిబెళ్లు, ఆస్పత్రులు, బడులు, కోర్టుల చుట్టూ నూరు మీటర్ల వరకు నిశ్శబ్ద మండలం. ధనుర్మాసంలో తెల్లవారుజాము నాలుగున్నరకే వీధి వెంట స్పీకరు మోగించే భజన బృందాలకు ఇది రుచించదని తెలుసు. అయినా పరీక్షలకు చదువుకునే పిల్లలు, మందులు వేసుకొని పడుకున్న ముసలివాళ్లు ఆ వీధిలోనే ఉంటారు. పైన చెప్పిన 15 వాట్ల సెట్టు కూడా పెద్ద స్పీకరుతో ఆ పరిమితిని సులువుగా దాటగలదు గనుక, ఇంకా ఎక్కువ వాట్లు కావాలని తాపత్రయపడేవారు ఈ అంకెను ఒకసారి చూసుకోవాలి.

ఉబ్బిన సెల్లులను, పాత లెడ్ బ్యాటరీలను చెత్తబండిలో వేయడం ఆపాలి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం వాడేసిన బ్యాటరీలను వెనక్కి తీసుకొని శుద్ధికి పంపే బాధ్యత తయారీదారులది. లెడ్ బ్యాటరీకి పాత సామాన్ల వాడు డబ్బిస్తాడు గనుక అది ఎలాగో అంగడికి చేరుతోంది. లిథియం సెల్లులకు ఎవరూ ఏమీ ఇవ్వరు గనుక అవి పెన్న ఒడ్డు చెత్తకుప్పల్లో తేలుతున్నాయి. అమ్మిన అంగళ్లే ఒక డబ్బా పెట్టి, చివరలకు టేపు అంటించి వెనక్కి తీసుకోవాలి.

ఎలక్ట్రానిక్ సామాను అమ్మే సోదరులకు ఈ పత్రిక ద్వారా నా విన్నపం ఒకటుంది. ప్రతి బోర్డు సంచి మీద మూడు అంకెలు చేత్తో రాసి ఇవ్వండి: 12 వోల్టుల దగ్గర 4 ఓమ్‌లకు ఎన్ని వాట్లు, 8 ఓమ్‌లకు ఎన్ని, బోర్డు తట్టుకునే గరిష్ఠ వోల్టేజీ ఎంత. అలాగే జిల్లాలోని ఐటీఐలు, పాలిటెక్నిక్‌లు తమ ప్రయోగశాలలో సెల్లు కెపాసిటీ కొలిచే సాధనాన్ని సెలవు రోజుల్లో ఒక పూట బయటి పిల్లలకు అందుబాటులో ఉంచితే, 9900 అని రాసిన సెల్లులో అసలు ఎంత ఉందో వాళ్లు తమ కళ్లతోనే చూసుకుంటారు. అలాంటి పూట ఏర్పాటు చేస్తే స్పాట్ వెల్డింగ్ యంత్రం నేను తెచ్చి పెడతాను, వచ్చినవారికి దగ్గరుండి ప్యాకు కట్టడం చూపిస్తాను.

ఇట్లు,
ఒక ఎలక్ట్రానిక్స్ మెకానిక్కు,
స్టోన్‌హౌస్‌పేట, నెల్లూరు.